ఫాస్ఫో ఎర్క్ బ్యాండ్ రాకపోతే తప్పు యాంటీబాడీదేనా?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైన సంగతి ఇది. మీరు వైజాగ్‌లో పీహెచ్‌డీ మొదటి సంవత్సరంలో ఉన్నారు. ఒక మొక్క సారం రొమ్ము క్యాన్సర్ కణాల్లో ఎర్క్ అనే ప్రోటీన్ చురుకును తగ్గిస్తుందా అని చూస్తున్నారు. కణాలు ఎండీఏ-ఎంబీ-231. 40 వేలు దాటిన ధర పెట్టి కొన్న ఫాస్ఫో ఎర్క్ (ఫాస్ఫేట్ తగిలి చురుకైన ఎర్క్) యాంటీబాడీతో రెండు వెస్టర్న్ బ్లాట్‌లు (ప్రోటీన్లను జెల్‌లో విడదీసి, మెంబ్రేన్ అనే పొర మీదికి దించి, యాంటీబాడీతో బ్యాండ్ అనే గీతగా చూసే పరీక్ష) చేశారు. మొదటిదానిలో సీరం (కణాల ఆహారంలో కలిపే రక్తద్రవం) తీసేసిన కణాలకూ, ఈజీఎఫ్ (కణాలను పెరగమనే సంకేత ప్రోటీన్) ఇచ్చిన కణాలకూ, సారం ఇచ్చిన కణాలకూ బ్యాండ్ ఒకేలా వచ్చింది. రెండోదానిలో ఏ లేన్‌లోనూ (జెల్‌లో ఒక్కో నమూనా నడిచే దారి) బ్యాండ్ లేదు. టోటల్ ఎర్క్ (ఫాస్ఫేట్ ఉన్నదీ లేనిదీ కలిపి) మాత్రం రెండుసార్లూ చక్కగా కనిపించింది. కణాలను ట్రిప్సిన్ అనే ఎంజైమ్‌తో డిష్ నుంచి లేపారు, రిపా అనే డిటర్జెంట్ బఫర్‌లో కరిగించారు, యాంటీబాడీ ఎక్కడపడితే అక్కడ అంటుకోకుండా పాలపొడితో బ్లాక్ చేశారు, చివర్లో అదే మెంబ్రేన్ మీద పోలిక కోసం యాక్టిన్ అనే ప్రోటీన్ కూడా చూశారు. యాంటీబాడీ పాడైందేమో, వేరే కంపెనీది తెప్పిద్దామని మీ గైడ్ అంటున్నారు. ప్రాజెక్టు డబ్బులో మిగిలింది తక్కువ కాబట్టి మీకు టెన్షన్‌గా ఉంది.

ఇప్పుడే కొత్తది కొనకండి. మీరు చెప్పిన వివరాలను బట్టి చూస్తే మీ యాంటీబాడీ బాగానే ఉండే అవకాశం ఎక్కువ. నేను ఈ ఊళ్లోనే 20 ఏళ్లకు పైగా ఇదే పని చేశాను. ఫాస్ఫో యాంటీబాడీ చెడిపోయిందని నా దగ్గరికి తెచ్చిన పిల్లల్లో చాలామందికి తేడా వచ్చింది యాంటీబాడీ దగ్గర కాదు. డిష్ ఇంక్యుబేటర్ నుంచి బయటికి వచ్చినప్పటి నుంచి కణాలు పూర్తిగా కరిగిపోయేదాకా గడిచే ఆ రెండు మూడు నిమిషాల్లో వచ్చింది. అందుకే ఈ సమాధానంలో ఎక్కువ భాగం ఆ నిమిషాల గురించే రాస్తాను.

ముందు మీ బ్లాట్‌లు ఏం చెబుతున్నాయో చూద్దాం. ఎర్క్‌ను మనిషి అనుకోండి, ఫాస్ఫేట్‌ను బొట్టు అనుకోండి. టోటల్ ఎర్క్ యాంటీబాడీకి మనిషి కనిపిస్తే చాలు, నుదుట బొట్టు ఉన్నా లేకపోయినా గుర్తుపడుతుంది. ఫాస్ఫో యాంటీబాడీ అలా కాదు. దానికి బొట్టు ఉండాలి, అదీ ఆ మనిషి నుదుటి మీదే ఉండాలి. మీ రెండో బ్లాట్‌లో టోటల్ వచ్చిందంటే ప్రోటీన్ ఉంది, జెల్ సరిగా నడిచింది, మెంబ్రేన్ మీదికి ట్రాన్స్‌ఫర్ అయింది, బ్యాండ్‌ను వెలిగించే ఈసీఎల్ రసాయనం పనిచేస్తోంది. రెండు యాంటీబాడీలూ కుందేలువే అన్నారు కాబట్టి సెకండరీ (మొదటి యాంటీబాడీని పట్టుకుని సిగ్నల్ ఇచ్చే రెండో యాంటీబాడీ) కూడా బాగున్నట్టే. ఇక మిగిలినవి రెండే. ఫాస్ఫో యాంటీబాడీ నిజంగా చచ్చిపోయి ఉండాలి, లేదా బొట్టు చెరిగిపోయి ఉండాలి. కానీ అదే సీసాలోని యాంటీబాడీ మొదటి బ్లాట్‌లో బ్యాండ్ చూపించింది కదా! రెండు వారాల్లో అది చచ్చిపోవడం కన్నా రెండోసారి బొట్టు చెరిగిపోవడానికే ఎక్కువ ఆస్కారం ఉంది.

ఆ బొట్టు ఎంత చిన్నదో ఒకసారి ఆలోచించండి. ఎర్క్ 1 సుమారు 44 కిలోడాల్టన్లు, ఎర్క్ 2 సుమారు 42. ఒక ఫాస్ఫేట్ చేరితే పెరిగేది 80 డాల్టన్లు మాత్రమే. 42 వేలలో 80. ఆ ఫాస్ఫేట్ కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు నుంచి వస్తుంది. ఏటీపీ మాట వచ్చినప్పుడల్లా నాకు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు గుర్తొస్తారు. కణజాలంలో ఫాస్ఫరస్ ఎంతుందో రంగును బట్టి కొలిచే పద్ధతిని సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రచురించారు. ఆ తర్వాత కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌నూ, ఏటీపీనీ పట్టుకున్నారు. ఫాస్ఫేట్ ఎంత సులువుగా ఊడిపోతుందో, నమూనాను ఎంత చల్లగా, ఎంత త్వరగా పట్టుకోవాలో ఆ తరం వాళ్లకు చేతి అనుభవంతో తెలుసు. వంద ఏళ్ల తర్వాత మనం పడుతున్న పాట్లూ అవే.

ఎర్క్ చురుకు కావాలంటే మెక్ అనే కైనేజ్ (ఫాస్ఫేట్ పెట్టే ఎంజైమ్) దాని మీద రెండు చోట్ల ఫాస్ఫేట్ పెట్టాలి. ఎర్క్ 1లో 202వ స్థానంలో ఉన్న థ్రియోనిన్, 204వ స్థానంలో ఉన్న టైరోసిన్ అనే అమైనో ఆమ్లాలు. ఎర్క్ 2లో అవే 185, 187. మధ్యలో ఒక గ్లుటమేట్ ఉంటుంది. ఈ చిన్న వరస రెండు ఎర్క్‌లలోనూ ఒకటే కాబట్టి ఒకే యాంటీబాడీ రెండు బ్యాండ్లు చూపిస్తుంది. ఇలాంటి యాంటీబాడీని తయారుచేయడానికి ఆ వరస ఉన్న పొట్టి పెప్టైడ్‌కు ఫాస్ఫేట్ తగిలించి కుందేలుకు ఇస్తారు. పాలీక్లోనల్ (రకరకాల యాంటీబాడీల మిశ్రమం) అయితే, వచ్చిన యాంటీబాడీల నుంచి ఫాస్ఫేట్ లేని పెప్టైడ్‌కు కూడా అంటుకునేవాటిని తీసేస్తారు. ఆ వడపోత ఎంత బాగా జరిగిందన్న దాన్నిబట్టి ఒక్కో లాట్ ఒక్కోలా ఉంటుంది. మీది రీకాంబినెంట్ మోనోక్లోనల్ (జన్యువు నుంచి తయారుచేసే ఒకే రకం యాంటీబాడీ) అన్నారు. ఇది మంచి ఎంపిక, లాట్ మారినా పెద్దగా తేడా రాదు.

ఇప్పుడు మొదటి బ్లాట్ సంగతి. అన్ని లేన్లలోనూ బ్యాండ్ ఒకేలా వచ్చిందని బాధపడ్డారు. నేనైతే ఆ యాంటీబాడీ నిజమే చెప్పిందంటాను. ఎండీఏ-ఎంబీ-231 కణాల్లో కేరాస్ జన్యువులోనూ, బీరాఫ్ జన్యువులోనూ మ్యుటేషన్లు ఉన్నాయి. కేరాస్‌లో జీ13డీ, బీరాఫ్‌లో జీ464వీ. ఈ రెండూ మెక్‌కు పైన ఉండేవే. అంటే బయటి నుంచి ఎవరూ పిలవకపోయినా లోపల గంట మోగుతూనే ఉంటుంది. సీరం తీసేసినా ఫాస్ఫో ఎర్క్ పెద్దగా తగ్గదు, ఈజీఎఫ్ పోసినా కొత్తగా పెరిగేది కొంచెమే. ఈ కణాల్లో ‘ఈజీఎఫ్ ఇస్తే బ్యాండ్ పెరగాలి’ అన్న పరీక్ష పెట్టి యాంటీబాడీని ఫెయిల్ చేయడం న్యాయం కాదు. కణాలు సరఫరా చేసే పుణె సంస్థ ఎన్‌సీసీఎస్ నుంచి కణాలు తెప్పించుకున్నప్పుడే వాటి మ్యుటేషన్ల జాబితా ప్రింట్ తీసి ఇంక్యుబేటర్ తలుపుకి అంటించమని నేను నా విద్యార్థులందరికీ చెబుతాను. సిగ్నలింగ్ పని చేసేవాళ్లకు అది మొదటి పాఠం. విచిత్రంగా దీన్ని ఎవరూ మొదట చెప్పరు.

మరి యాంటీబాడీని పరీక్షించేదెలా? పైకి వెళ్లే కంట్రోల్ (బ్యాండ్ తప్పక పెరగాల్సిన పోలిక నమూనా) కోసం మామూలు హీలా కణాలు తీసుకోండి, లేదా ఈజీఎఫ్ రిసెప్టర్ విపరీతంగా ఉండే ఏ431 కణాలు తీసుకోండి. మీ పక్క ల్యాబ్‌లలో ఎవరో ఒకరి దగ్గర హీలా ఉండే ఉంటుంది. రాత్రంతా సీరం లేకుండా ఉంచి, ఉదయం మిల్లీలీటరుకు 100 నానోగ్రాముల ఈజీఎఫ్ 5 నుంచి 10 నిమిషాలు ఇవ్వండి. బ్యాండ్ కొట్టొచ్చినట్టు కనిపించాలి. కిందికి వెళ్లే కంట్రోల్ కోసం మీ 231 కణాలే వాడండి. మెక్‌ను ఆపే యూ0126 మందును 10 మైక్రోమోలార్ చొప్పున ఒక గంట ఇస్తే పైన గంట ఎంత మోగినా ఎర్క్ దాకా కబురు రాదు. బ్యాండ్ బాగా పడిపోవాలి, టోటల్ కదలకూడదు. మీ మొక్క సారానికి అసలైన పోలిక కూడా ఇదే. సారం బ్యాండ్ తగ్గించిందో లేదో చెప్పాలంటే, నిజంగా తగ్గినప్పుడు మీ చేతిలో ఆ బ్లాట్ ఎలా ఉంటుందో ముందు మీ కంటికి తెలియాలి.

మీరు రాయని విషయం ఒకటి అడగాలి. ఈజీఎఫ్ ఇచ్చి ఎంతసేపటికి కణాలను కరిగించారు? సారంతో పాటే ఇచ్చి 24 గంటలు ఉంచితే ఆ ప్రయోగంలో చూడటానికి ఏమీ మిగలదు. చాలా కణాల్లో ఈజీఎఫ్ వల్ల వచ్చే ఫాస్ఫో ఎర్క్ 5 నుంచి 10 నిమిషాల్లో శిఖరానికి చేరి, గంటలోపే దిగిపోతుంది. సారం ఎంతసేపైనా ముందు ఇవ్వండి, ఈజీఎఫ్ మాత్రం చివరి పది నిమిషాల్లోనే ఇవ్వాలి. ఒక్కసారైనా 0, 5, 15, 30, 60 నిమిషాల టైమ్ కోర్స్ చేసి చూసుకోండి. ఒక్క రోజు పనే అది. దాంతో మీకు వచ్చే ధైర్యం మాత్రం థీసిస్ అయ్యేదాకా ఉంటుంది.

ఇక ఆ రెండు నిమిషాల దగ్గరికి వద్దాం.

మొదటిది, ట్రిప్సిన్ మానేయండి. ట్రిప్సిన్ కణాలను డిష్ నుంచి లేపడమే కాదు, కొన్ని కణాల ఉపరితలం మీద ఉండే రిసెప్టర్లను కోసి, ఎర్క్‌ను తానే చురుకు చేస్తుంది. పైగా మీరు దాన్ని ఆపడానికి సీరం ఉన్న మీడియం పోసి ఉంటారు. రాత్రంతా పస్తు ఉంచిన కణాలకు ఆఖరి నిమిషంలో విందు పెట్టినట్టే. తర్వాత సెంట్రిఫ్యూజ్‌లో ఐదు నిమిషాలు, కడగడం, మళ్లీ ఐదు నిమిషాలు. ఈలోగా కణాలు బతికే ఉంటాయి. వాటి ఫాస్ఫటేజ్‌లు (ఫాస్ఫేట్‌ను ఊడదీసే ఎంజైమ్‌లు) పనిచేస్తూనే ఉంటాయి. అంటే ఒకవైపు కొత్త బొట్టు పెడుతున్నారు, ఇంకోవైపు చెరిపేస్తున్నారు. చివరికి ఎంత మిగులుతుందన్నది ఆ రోజు మీ చేతి వేగాన్ని బట్టి ఉంటుంది. మీ మొదటి బ్లాట్‌కూ రెండో బ్లాట్‌కూ అంత తేడా ఎందుకొచ్చిందో నాకు ఇక్కడే కనిపిస్తోంది.

నేను చేసే పద్ధతి చెబుతాను. డిష్‌ను ఇంక్యుబేటర్ నుంచి తీసి నేరుగా ఐసు మీద పెట్టండి. మీడియం వంపేసి, ఐసులో ఉంచిన పీబీఎస్ అనే ఉప్పు ద్రావణంతో ఒక్కసారి కడిగి, చివరి చుక్క దాకా పీల్చేయండి. వెంటనే 95 డిగ్రీల వేడి మీద ఉంచిన ఎస్‌డీఎస్ (ప్రోటీన్ల మడతలు విప్పేసే డిటర్జెంట్) బఫర్ డిష్‌లో పోసి, స్క్రేపర్‌తో గీకి ట్యూబులోకి తీసి, ఐదు నిమిషాలు మరిగించండి. ఎస్‌డీఎస్ తగిలిన క్షణంలో ఫాస్ఫటేజ్‌లు పనిచేయకుండా పోతాయి, చెరిపేవాడే ఉండడు. డీఎన్‌ఏ వల్ల జిగురుగా తీగలు సాగుతుంది, భయపడకండి. ఇన్సులిన్ సిరంజితో పదిసార్లు లాగి వదిలితే పలచబడుతుంది. ఆరు డిష్‌లు ఉంటే ఆరూ ఒకేసారి బయటికి తీయవద్దు, ఒక్కొక్కటిగా చేయండి. టైమర్ పెట్టుకుని ప్రతి డిష్‌కూ ఒకే సమయం ఇవ్వండి.

ఈ పద్ధతిలో ఒక చిక్కు ఉంది. ప్రోటీన్ ఎంతుందో కొలవడం. ఎస్‌డీఎస్ ఉంటే బ్రాడ్‌ఫర్డ్ అనే కొలత పద్ధతి పనికిరాదు. బీసీఏ అనే ఇంకో పద్ధతి ఎస్‌డీఎస్‌ను తట్టుకుంటుంది కానీ ప్రోటీన్ల గంధకపు బంధాలు తెంచే డీటీటీనీ మెర్కాప్టోఇథనాల్‌నూ తట్టుకోదు. కాబట్టి బఫర్‌ను అవి రెండూ లేకుండా, నీలి రంగు కూడా కలపకుండా చేసుకోండి. 62.5 మిల్లీమోలార్ ట్రిస్ పీహెచ్ 6.8, 2 శాతం ఎస్‌డీఎస్, 10 శాతం గ్లిజరాల్. ముందు బీసీఏ చేసి, ఆ తర్వాత డీటీటీ, రంగు కలిపి మళ్లీ మరిగించండి.

రిపానే వాడాలని మీ ల్యాబ్‌లో పట్టు ఉంటే వాడండి, తప్పు లేదు. కానీ అప్పుడు ఫాస్ఫటేజ్ ఇన్హిబిటర్లు (ఫాస్ఫటేజ్‌లను ఆపే రసాయనాలు) రెండు రకాలూ ఉండాలి. ఎర్క్ మీద బొట్లు రెండని చెప్పాను కదా, ఒకటి థ్రియోనిన్ మీద, ఒకటి టైరోసిన్ మీద. చెరిపేవాళ్లు కూడా వేరువేరు. సోడియం ఆర్థోవనాడేట్ 1 మిల్లీమోలార్ టైరోసిన్ వైపు కాపలా కాస్తుంది. సోడియం ఫ్లోరైడ్, బీటా గ్లిసరోఫాస్ఫేట్ థ్రియోనిన్ వైపు కాస్తాయి. మీరు ప్రోటియేజ్ ఇన్హిబిటర్ కాక్‌టెయిల్ వేశానని రాశారు. అది ప్రోటీన్ తెగిపోకుండా చూస్తుంది, ఫాస్ఫేట్ ఊడిపోకుండా చూడదు. డబ్బా మీద పేరు ఒకసారి సరిగా చదవండి. ఈ పొరపాటు నేను లెక్కలేనన్నిసార్లు చూశాను.

వనాడేట్ విషయంలో ఇంకో మాట. పొడిని నీళ్లలో కలిపి వాడేస్తే అది సరిగా పనిచేయదు. 200 మిల్లీమోలార్ ద్రావణం చేసి, పీహెచ్ 10కి తెచ్చి, పసుపు రంగు పోయి నీళ్లలా అయ్యేదాకా మరిగించి, చల్లార్చి, పీహెచ్ మళ్లీ 10కి సరిచేయాలి. రంగు తిరిగి రాకుండా, పీహెచ్ కదలకుండా నిలిచేదాకా ఇదే మళ్లీ మళ్లీ చేయాలి. ఆ పసుపు రంగు వనాడేట్ అణువులు గుంపుగా చేరిన రూపం, అది ఇన్హిబిటర్‌గా పనికిరాదు. చిన్న చిన్న భాగాలుగా మైనస్ 20లో దాచి, వాడే రోజున మాత్రమే బఫర్‌లో కలపండి. ఈడీటీఏ, డీటీటీ దాని బలాన్ని తగ్గిస్తాయి.

బొట్టు ఎంత త్వరగా పోతుందో, యాంటీబాడీ ఎంత గట్టిదో నాకు పుస్తకం కన్నా బాగా నేర్పింది హుద్‌హుద్. 2014 అక్టోబరు 12న తుపాను ఊరి మీద పడ్డాక మా ల్యాబ్‌కు రోజుల తరబడి కరెంటు లేదు. జనరేటర్ డీజిల్ అయిపోయింది, ఐసు దొరకలేదు. మైనస్ 80 ఫ్రీజర్ అడుగున నీళ్లు చేరాయి. యాంటీబాడీ సీసాలన్నీ ఒక థర్మకోల్ పెట్టెలో సర్ది, ఉన్న జెల్ ప్యాక్‌లు వేసి, గుడ్డ కప్పి ఉంచాం. అంతకుమించి మా చేతిలో ఏమీ లేదు. కరెంటు వచ్చాక అన్నీ పోయి ఉంటాయనుకుంటూనే ఒక్కొక్కటి పరీక్షించాం. గ్లిజరాల్‌లో ఉన్న యాంటీబాడీల్లో ఎక్కువ భాగం మునుపటిలాగే పనిచేశాయి. పోయినవి నమూనాలు. రిపాలో దాచిన లైసేట్‌లలో (కణాలను కరిగించిన ద్రావణాల్లో) టోటల్ ఎర్క్ చాలావరకు ఉంది, ఫాస్ఫో ఎర్క్ తుడిచిపెట్టుకుపోయింది. ఎస్‌డీఎస్‌లో మరిగించి దాచినవి మాత్రం నిలిచాయి. ఒక అమ్మాయి ఏడాదిన్నర పని ఆ రిపా ట్యూబుల్లోనే ఉంది. ఆమె ముఖం నాకు ఇప్పటికీ గుర్తే. అప్పటి నుంచి ఫాస్ఫో పని అంటే మా దగ్గర ఎస్‌డీఎస్సే.

అందుకే మీ యాంటీబాడీ పార్శిల్ హైదరాబాద్ నుంచి వచ్చేసరికి జెల్ ప్యాక్ కరిగిపోయి ఉందన్న భయం నాకు అంతగా లేదు. యాంటీబాడీలు గట్టి ప్రోటీన్లు, ఒకటి రెండు రోజుల వేడికి సాధారణంగా ఏమీ కావు. వాటికి అసలు శత్రువు పదేపదే గడ్డకట్టించి కరిగించడం. మీ సీసాలో 50 శాతం గ్లిజరాల్ ఉంటే మైనస్ 20లోనూ గడ్డకట్టదు, భాగాలు చేయాల్సిన పని లేదు. గ్లిజరాల్ లేకపోతే వచ్చిన రోజే చిన్న భాగాలు చేయండి. తనంతట తానే మంచు కరిగించుకునే ఇంటి రకం ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకండి.

పాలపొడి గురించి. అందరూ ‘ఫాస్ఫోకు పాలు వద్దు, బీఎస్‌ఏ వాడు’ అంటారు. బీఎస్‌ఏ అంటే ఆవు రక్తంలోని ఆల్బుమిన్ ప్రోటీన్. కారణం పాలల్లో ఉండే కేసిన్. అది స్వయంగా ఒళ్లంతా ఫాస్ఫేట్ ఉన్న ప్రోటీన్, కాబట్టి కొన్ని ఫాస్ఫో యాంటీబాడీలకు బ్యాక్‌గ్రౌండ్ పెంచుతుంది. కొన్ని యాంటీబాడీలు పాలల్లోనూ చక్కగా పనిచేస్తాయి. మీ రెండో బ్లాట్ ఖాళీగా రావడానికి పాలు ఒక్కటే కారణమని నేను అనను. కానీ డేటాషీట్‌లో 5 శాతం బీఎస్‌ఏ అని రాసి ఉంటే ప్రైమరీని (మొదట వేసే యాంటీబాడీని) అందులోనే కలపండి, 4 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచండి. కడగడానికి పీబీఎస్ బదులు ఫాస్ఫేట్ లేని టీబీఎస్‌టీ ద్రావణం వాడండి.

ప్రైమరీని దాచి మళ్లీ వాడటం మన దగ్గర మామూలే. ఈ ధరలకు అది తప్పని నేను అనలేను. 0.02 శాతం సోడియం అజైడ్ వేసి 4 డిగ్రీల దగ్గర పెట్టి, ట్యూబు మీద తేదీ, ఎన్నోసారో రాయండి. రెండు షరతులు. ఒకే గ్రాఫ్‌లో పోల్చే బ్లాట్‌లలో ఒకదానికి కొత్తది, ఇంకోదానికి పాతది వాడకూడదు. అజైడ్ సెకండరీకి తగిలించి ఉండే, ఈసీఎల్‌ను వెలిగించే హెచ్‌ఆర్‌పీ ఎంజైమ్‌ను చంపేస్తుంది కాబట్టి సెకండరీలో ఎప్పుడూ వేయకూడదు, ప్రైమరీ తర్వాత బాగా కడగాలి. అది విషం కూడా, చేతికి గ్లవ్స్ లేకుండా ముట్టుకోకండి.

యాక్టిన్ దగ్గర మీరు చేసింది మాత్రం తప్పకుండా మార్చుకోవాలి. బీటా యాక్టిన్ సుమారు 42 కిలోడాల్టన్లు, ఎర్క్ 2 కూడా 42. అదే మెంబ్రేన్ మీద ఎర్క్ చూసి, స్ట్రిప్ చేసి (అంటిన యాంటీబాడీని కడిగి తీసేసి), అదే చోట యాక్టిన్ చూస్తే మీరు చూస్తున్నది యాక్టినో, పూర్తిగా పోని ఎర్క్ అవశేషమో ఎవరూ చెప్పలేరు. రివ్యూయర్ అడిగితే జవాబు ఉండదు. 50 కిలోడాల్టన్ల దగ్గర ఉండే ట్యూబులిన్ గానీ, 117 దగ్గర ఉండే విన్‌కులిన్ గానీ వాడండి. ఎలాగూ మీకు కావలసిన లెక్క ఫాస్ఫో ఎర్క్‌ను టోటల్ ఎర్క్‌తో భాగించడం. టోటల్ ఉండగా యాక్టిన్ రెండో సాక్ష్యమే.

టోటల్ కోసం స్ట్రిప్ చేయడం నాకు అంత ఇష్టం ఉండదు. వేడి ఎస్‌డీఎస్, మెర్కాప్టోఇథనాల్‌తో కడిగినప్పుడు మెంబ్రేన్ మీది ప్రోటీన్ కూడా కొంత పోతుంది. తప్పనిసరి అయితే ఫాస్ఫో ముందు, టోటల్ తర్వాత. నమూనా సరిపడా ఉంటే ఒకే లైసేట్‌ను రెండు జెల్‌ల మీద ఒకేసారి నడిపి, ఒకటి ఫాస్ఫోకు, ఒకటి టోటల్‌కు ఇవ్వండి. రెండింటి మీదా ట్యూబులిన్ చూడండి. మీ గైడ్ నిజంగా ఇంకో యాంటీబాడీ కొనిపించాలనుకుంటే, ఎలుకలో తయారైన టోటల్ ఎర్క్ కొనమని అడగండి. ఒకటి కుందేలు, ఒకటి ఎలుక అయితే స్ట్రిప్ చేయకుండానే మొదటి హెచ్‌ఆర్‌పీని అజైడ్‌తో చంపి, బాగా కడిగి, రెండోది చూడవచ్చు. కొన్ని కంపెనీలు 20 మైక్రోలీటర్ల చిన్న సైజు కూడా ఇస్తాయి, అడిగితేనే చెబుతారు.

జెల్ గురించి ఎక్కువ చెప్పను. 10 శాతం జెల్, లేన్‌కు 20 నుంచి 30 మైక్రోగ్రాములు. 44, 42 బ్యాండ్లు విడివిడిగా కనిపించేదాకా ఓపిగ్గా నడపండి. మన ఊరి గాలిలో తేమకు, జెల్ గట్టిపడటానికి టెమెడ్‌తో పాటు వేసే అమ్మోనియం పర్‌సల్ఫేట్ త్వరగా బలం కోల్పోతుంది. జెల్ సరిగా గట్టిపడకపోతే టెమెడ్‌ను తిట్టకుండా ముందు దాన్ని మార్చండి. పొడిని సిలికా జెల్ వేసిన డబ్బాలో దాచి, ద్రావణం ఎప్పటికప్పుడు కొత్తగా చేసుకోండి. ట్రాన్స్‌ఫర్ అయ్యాక ప్రోటీన్లన్నిటినీ ఎర్రగా చూపే పాన్సో రంగు వేసి ఫోటో తీయడం మాత్రం మరవకండి.

ఫోటో తీసేటప్పుడు 5 సెకన్లు, 20 సెకన్లు, ఒక నిమిషం, ఇలా మూడు నాలుగు ఎక్స్‌పోజర్లు తీయండి. బ్యాండ్ మరీ నల్లగా మారితే కొలత అక్కడే ఆగిపోతుంది. రెట్టింపు ఉన్నా, నాలుగింతలు ఉన్నా ఒకేలా కనిపిస్తుంది. మీ మొదటి బ్లాట్‌లో అన్నీ ఒకేలా ఉండటానికి ఇది కూడా ఒక కారణం కావచ్చు. బ్యాండ్ మధ్యలో తెల్లగా బోలుగా ఉంటే సెకండరీ ఎక్కువైంది, అక్కడి ఈసీఎల్ క్షణాల్లో ఖర్చైపోయిందని అర్థం. పలుచన చేయండి.

యాంటీబాడీ నిజంగా ఫాస్ఫేట్‌నే చూస్తోందా అన్న అనుమానం తీర్చుకోవాలంటే లాంబ్డా ఫాస్ఫటేజ్ పరీక్ష ఉంది. ఈజీఎఫ్ ఇచ్చిన హీలా లైసేట్‌ను రెండు లేన్లలో వేసి, ట్రాన్స్‌ఫర్ అయ్యాక మెంబ్రేన్‌ను నిలువుగా కోసి, బీఎస్‌ఏతో బ్లాక్ చేసి, ఒక ముక్కకు మాంగనీస్ ఉన్న బఫర్‌లో ఆ ఎంజైమ్ పట్టించండి. ఇంకో ముక్కకు బఫర్ మాత్రమే. తర్వాత రెండింటినీ ఫాస్ఫో యాంటీబాడీలో ఉంచితే, ఎంజైమ్ తగిలిన ముక్కలో బ్యాండ్ పోవాలి. పోకపోతే అప్పుడు యాంటీబాడీ మీద ఫిర్యాదు రాయండి, ఆ ఫోటో జతచేయండి. ఎర్క్ 2 తయారీని అణచే ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ ఎవరి దగ్గరైనా దొరికితే ఇంకా మంచిది. కింది బ్యాండ్ తగ్గి పై బ్యాండ్ నిలబడితే మీ యాంటీబాడీ ఎవరిని చూస్తోందో వేరే సాక్ష్యం అక్కర్లేదు. కంపెనీ వెబ్‌సైట్‌లో అందమైన బ్లాట్ ఉండొచ్చు, అది వాళ్ల కణాల్లో, వాళ్ల చేతిలో వచ్చింది. ఇల్లు అలకగానే పండగ కాదు, సీసా కొనగానే యాంటీబాడీ మనది కాదు.

సారం గురించి చిన్న జాగ్రత్త. దాన్ని డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో కలిపి ఉంటే కంట్రోల్ కణాలకు కూడా అంతే డీఎంఎస్‌ఓ, అదే సమయంలో, అదే కుదుపుతో ఇవ్వాలి. కొత్త మీడియం పోయడం, డిష్ కదిలించడం కూడా ఎర్క్‌ను కొద్దిసేపు లేపుతాయి. అలాగే సారం వల్ల కణాలు చచ్చిపోతున్నాయేమో ముందు చూడండి. చచ్చిపోతున్న కణాల్లో ఫాస్ఫో ఎర్క్ తగ్గితే అది సిగ్నలింగ్ ఫలితం కాకపోవచ్చు. ఒకే లైసేట్‌ను మూడు లేన్లలో వేసి మూడుసార్లు చేశానని రాయవద్దు. వేరే వేరే రోజుల్లో, వేరే వేరే పాసేజ్ (కొత్త డిష్‌కు మార్చి పెంచిన తరం) కణాలతో మూడుసార్లు చేయాలి.

వచ్చే వారం ఒకే ఒక్క జెల్ చేయండి. ఆరు లేన్లు. హీలా పస్తు, హీలాకు ఈజీఎఫ్ పది నిమిషాలు, హీలాకు యూ0126 ఇచ్చి తర్వాత ఈజీఎఫ్. మీ 231 కణాలు డీఎంఎస్‌ఓతో, యూ0126తో, సారంతో. అన్నీ వేడి ఎస్‌డీఎస్‌లోనే కరిగించండి. రెండో లేన్ నల్లగా, మూడో లేన్ ఖాళీగా, నాలుగో లేన్ నల్లగా, ఐదో లేన్ ఖాళీగా వస్తే మీ సీసా బంగారం. ఆరో లేన్‌లో ఏం వచ్చినా అప్పుడు నమ్మొచ్చు, తగ్గకపోయినా సరే. ఆ ఫలితాన్ని మీ గైడ్ ముందు పెట్టండి, కొత్త ఆర్డర్ మాట ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు. రెండో లేన్ కూడా ఖాళీగా వస్తే, మెంబ్రేన్‌ను కత్తిరించకుండా, ల్యాడర్ (ప్రోటీన్ల బరువు చెప్పే కొలబద్ద) కనిపించేలా తీసిన పూర్తి ఫోటో, పాన్సో ఫోటో, డిష్ బయటికి తీసిన దగ్గర నుంచి మరిగించేదాకా ఎన్ని నిమిషాలు పట్టిందో రాసి పంపండి. కూర్చుని చూద్దాం.